వరలక్ష్మి "వరలక్ష" అయిపోతే ఏం చెయ్యాలి: ఓపెన్ సోర్స్‌లో ఒక బగ్‌ని పట్టుకుని చివరిదాకా తీసుకెళ్ళడం

పోయినేడు సంక్రాంతికి ముందు మా పెదనాన్న తెనాలి నుంచి ఫోన్ చేశారు. ఆయన తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక ఊళ్ళో ఉన్న చిన్న గ్రంథాలయం పని నెత్తిన వేసుకున్నారు, పుస్తకాల జాబితా మొత్తం ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లో (కోడ్‌ని ఎవరైనా చూసి మార్చగలిగే ప్రోగ్రామ్) ఎక్కించి, పుస్తకం వెన్ను మీద అంటించే చిట్టి లేబుళ్ళు కూడా అందులోంచే ప్రింట్ తీస్తారు. "ఒరేయ్, వరలక్ష్మి కాస్తా వరలక్ష అయిపోయిందిరా, వెంకమ్మ వెంకమ్ అయిపోయింది, ఇదేంటో చూడు" అన్నారు. సరే పెదనాన్నా చూస్తాలే అన్నాను, ఆ చూడటం రెండు నెలలు పట్టింది, చివరికి ఆ ప్రోగ్రామ్‌లో నా కోడ్ పదిహేను లైన్లు చేరింది.

ఓపెన్ సోర్స్‌లోకి ఎలా వెళ్ళాలి అన్నా అని జూనియర్లు అడుగుతూనే ఉంటారు, అందుకే ఆ రెండు నెలల్లో నేను చేసిన పని మొత్తం వరసగా రాస్తున్నా. ముందే ఒక మాట చెప్తా, నా పదిహేను లైన్ల కంటే వాటికి ముందు చేసిన పనే ఆ ప్రాజెక్ట్ వాళ్ళకి ఎక్కువ ఉపయోగపడింది. బగ్‌ని ఎవరైనా సరే రెండు నిమిషాల్లో తమ మెషీన్‌లో చూసుకోగలిగేంత చిన్నది చెయ్యటం, అసలు పని అదే. కోడింగ్ అంతగా రాని వాళ్ళు కూడా అంతవరకు చెయ్యొచ్చు.

ఏ ప్రాజెక్ట్ పట్టుకోవాలి

రోజూ మీరు వాడేదే పట్టుకోండి. చాలామంది గిట్‌హబ్‌లో (ఇలాంటి ప్రాజెక్టుల కోడ్, ఇష్యూలు అనే తప్పుల రిపోర్టులు ఉండే సైట్) "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అనే లేబుల్ పెట్టి వెతుకుతారు, తప్పులేదు, కానీ ఆ ప్రోగ్రామ్ ఎప్పుడూ వాడనివాళ్ళకి ఏది సరిగ్గా పనిచేస్తోంది ఏది చెయ్యట్లేదు అన్నదే తెలీదు, వారం తిరక్కుండానే విసుగొచ్చి వదిలేస్తారు. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, వీఎల్‌సీ, ఇంక్‌స్కేప్, మీ ఫోన్‌లో కీబోర్డ్, మీరు సినిమా చూసేటప్పుడు పెట్టుకునే సబ్‌టైటిల్ టూల్, వీటిల్లో ఏదో ఒకటి మిమ్మల్ని ఎప్పుడో విసిగించే ఉంటుంది. అక్కడ మొదలుపెట్టండి.

ఇంకోటి ఏంటంటే తెలుగు చదవగలగటమే ఇక్కడ పెద్ద అర్హత. ప్రాజెక్టులు నడిపేవాళ్ళలో చాలామందికి మన లిపి గీతల్లాగే కనిపిస్తుంది, ఒత్తు పక్కకి జరిగినా గుడి ఎగిరిపోయినా వాళ్ళకి అది తప్పు అని తెలిసే దారే లేదు. "వరలక్ష" అన్నది చూడటానికి ఎంత శుభ్రంగా ఉంటుందో చూడండి, చతురస్రాలు లేవు, ప్రశ్నార్థకాలు లేవు, అచ్చం ఒక మాటలాగే ఉంది. మనం చెప్తే తప్ప అది బగ్ అని ఇంకెవరికీ తెలీదు.

ముందు ఇది ఎవరి తప్పో తేల్చుకోండి

నేను మొదట ఫాంట్ తప్పనుకున్నా, ఒక ఆదివారం మొత్తం ఫాంట్లు మార్చి మార్చి చూశాను. తెలుగు సరిగ్గా కనపడకపోతే దానికి కనీసం మూడు చోట్ల కారణం ఉండొచ్చు. ఒకటి ఫాంట్, రెండోది అక్షరాలని ఒత్తులతో గుణింతాలతో కలిపి పేర్చే ఇంజిన్, మూడోది ఆ ప్రోగ్రామ్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నిట్లోనూ ఆ పేర్చే పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీ, దాంతోపాటు హెచ్‌బి-వ్యూ, హెచ్‌బి-షేప్ అని రెండు చిన్న కమాండ్ టూల్స్ వస్తాయి. హెచ్‌బి-వ్యూకి ఒక ఫాంట్ ఫైలు, ఒక తెలుగు మాట ఇస్తే బొమ్మ గీసి చూపిస్తుంది, హెచ్‌బి-షేప్ అయితే ఏ ఏ గ్లిఫ్‌లు (ఫాంట్‌లోని అక్షర రూపాలు) ఏ వరసలో వచ్చాయో రాసి చూపిస్తుంది.

ఒకే మాటని నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు, పోతన 2000, ఇలా రెండు మూడు ఫాంట్లతో గీయించండి. ఒక్క ఫాంట్‌లోనే తప్పొస్తే ఆ ఫాంట్ వాళ్ళకి చెప్పాలి. అన్ని ఫాంట్లలోనూ ఒకే రకంగా తప్పొస్తే పేర్చే ఇంజిన్ మీద అనుమానపడొచ్చు. హెచ్‌బి-వ్యూలో అంతా బాగానే ఉండి ప్రోగ్రామ్‌లోనే పాడైతే తప్పు ప్రోగ్రామ్‌దే. నా విషయంలో మూడోది. ఈ పరీక్షకి పావుగంట చాలు, ఇది చెయ్యకుండా రిపోర్ట్ పెడితే ఫాంట్ వాళ్ళు యాప్ వాళ్ళ దగ్గరికి వెళ్ళమంటారు, యాప్ వాళ్ళు ఫాంట్ వాళ్ళ దగ్గరికి పొమ్మంటారు, ఆ ఇష్యూ ఏళ్ళ తరబడి అలాగే పడుంటుంది. అలాంటివి నేను చాలానే చూశాను.

ఆ తర్వాత కొత్త వెర్షన్‌లో కూడా బగ్ ఉందో లేదో చూడాలి. ఉబుంటు, డెబియన్ లాంటి వాటిల్లో వచ్చే ప్యాకేజీ ఒక్కోసారి ఏడాది రెండేళ్ళు పాతది అయ్యుంటుంది, మీరు చూసిన బగ్ ఎప్పుడో సరిచేసేసి ఉంటారు. ఫైర్‌ఫాక్స్ అయితే నైట్లీ (రోజూ వచ్చే పరీక్ష వెర్షన్) దింపుకోండి, లిబ్రెఆఫీస్‌కి రోజువారీ బిల్డ్‌లు, అంటే తాజా కోడ్ నుంచి తయారుచేసిన ప్రోగ్రామ్‌లు, ఉంటాయి. మీ సెట్టింగుల వల్లో ఏదో ఎక్స్‌టెన్షన్ వల్లో వచ్చిందేమో కూడా చూడాలి, ఫైర్‌ఫాక్స్‌లో ట్రబుల్‌షూట్ మోడ్, లిబ్రెఆఫీస్‌లో సేఫ్ మోడ్ ఉన్నది అందుకే.

ఎవరైనా ముందే చెప్పారేమో కూడా వెతకండి, మూసేసిన ఇష్యూల్లో కూడా. తెలుగు అని మాత్రమే వెతికితే దొరకదు. హిందీ, బెంగాలీ, మలయాళం, ఇండిక్, కంజంక్ట్ (కలిసిన హల్లులు), ట్రంకేట్ (కోసెయ్యటం), ఇలాంటి మాటలు మార్చి మార్చి వెతకాలి, ఎందుకంటే మనకొచ్చిన బగ్ సాధారణంగా వాళ్ళకీ వచ్చే ఉంటుంది. నాకు అలాగే ఒక మలయాళీ పెట్టిన పాత ఇష్యూ దొరికింది, మూడేళ్ళనాటిది, "మళ్ళీ చేసి చూడలేకపోయాం" అని మూసేశారు. అతను స్క్రీన్‌షాట్ ఒక్కటే పెట్టాడు పాపం, ఆ మాటని టెక్స్ట్‌గా పెట్టలేదు, మలయాళం టైప్ చెయ్యటం రాని మెయింటెయినర్ (ప్రాజెక్ట్ నడిపే మనిషి) దాన్ని ఎలా పరీక్షిస్తాడు చెప్పండి.

చిన్నది చెయ్యటం

అన్నిటికంటే ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే.

పెదనాన్న పంపిన డేటాబేస్‌లో మూడు వేల పైచిలుకు పుస్తకాలున్నాయి. దాన్ని అలాగే తీసుకెళ్ళి "ఇందులో లేబుళ్ళు తప్పొస్తున్నాయి చూడండి" అంటే ఎవరూ ముట్టుకోరు, పైగా అందులో సభ్యుల ఫోన్ నంబర్లున్నాయి, అవి బయట పెట్టకూడదు. కాబట్టి కాపీ తీసుకుని సగం పుస్తకాలు తీసేశాను, బగ్ ఇంకా ఉంది. మిగిలినదాంట్లో సగం తీసేశా, ఇంకా ఉంది. ఇలా సగం సగం తీస్తూ పోతే పన్నెండు సార్లకి ఒక్క పుస్తకం మిగిలింది. ఆ పుస్తకంలో కూడా ధర, సంవత్సరం, బొమ్మ, దాత పేరు ఒక్కోటి తీసేశాను, చివరికి రచయిత పేరు ఒక్కటే మిగిలింది, వరలక్ష్మి. అప్పటికీ లేబుల్ మీద "వరలక్ష" అనే వస్తోంది.

అప్పుడు ఆ మాటని విప్పి చూశాను. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ గుర్తుకీ ఒక నంబర్ ఇచ్చే పద్ధతి యూనికోడ్, ఆ నంబర్‌ని కోడ్ పాయింట్ అంటారు. యూనికోడ్‌లో వరలక్ష్మి అంటే వ, ర, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం తొమ్మిది. మొదటి ఆరు తీసుకుంటే వ, ర, ల, క, పొల్లు, ష. అంటే వరలక్ష. వెంకమ్మ అంటే వ, ఎత్వం, సున్న, క, మ, పొల్లు, మ, ఏడు, మొదటి ఆరు తీస్తే "వెంకమ్". ఇంక ఫాంట్‌తో పనే లేదు, ఎవరో పేరుని ఆరు దగ్గర కోస్తున్నారు. సీతమ్మ పేరు ఎందుకు బాగానే వస్తోందో కూడా అర్థమైంది, అందులో సరిగ్గా ఆరే ఉన్నాయి. బగ్ వచ్చే మాట ఒకటి, రాని మాట ఒకటి పక్కపక్కన పెట్టుకోండి, ఆ రెంటికీ తేడా ఎక్కడుందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు తెలుగు అక్షరం దెబ్బకి క్రాష్ అయ్యాయి, గుర్తుందా, మెసేజ్ వస్తే చాలు యాప్ తెరుచుకునేది కాదు. టీవీల్లో అందరూ "తెలుగు అక్షరం ఫోన్‌ని చంపేస్తోంది" అని చెప్పారు, కానీ కొంతమంది ఓపిగ్గా కూర్చుని దాన్ని ఐదు కోడ్ పాయింట్లకి కుదించారు: జ, పొల్లు, ఞ, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆ మీద దీర్ఘం. అంత చిన్నదయ్యాక ఇంకా ఏయే లిపుల్లో ఇలా అవుతుందో వెతకగలిగారు, బెంగాలీలో కూడా దొరికింది. ఐఓఎస్ 11.2.6తో అది పోయింది. ఆ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాదు, బయటివాళ్ళు లోపలికి చూడలేరు, అయినా కుదించటం అన్న పని బయట నుంచే చెయ్యగలిగారు. మనకైతే కోడ్ మొత్తం ఎదురుగా ఉంది.

రిపోర్ట్ రాయటం

ఇంగ్లీషు గొప్పగా రానక్కర్లేదు, చిన్న చిన్న వాక్యాలు చాలు. శీర్షికలో ఏం పాడవుతోందో ఎప్పుడు పాడవుతోందో ఉండాలి. "తెలుగు పనిచెయ్యట్లేదు" అంటే ఎవరికీ ఏమీ తెలీదు, "వెన్ను లేబుల్ మీద రచయిత పేరు ఒత్తు మధ్యలో తెగిపోతోంది" అంటే చదవగానే కోడ్‌లో ఏ మూలకి వెళ్ళాలో వాళ్ళకి తట్టేస్తుంది.

లోపల ఏం చెయ్యాలో వరసగా రాయండి, కొత్త డేటాబేస్ తెరువు, ఒక పుస్తకం చేర్చు, రచయిత పేరు దగ్గర ఇది పేస్ట్ చెయ్యి, లేబుల్ ప్రివ్యూ నొక్కు, అంతే. మాటని టెక్స్ట్‌గానే ఇవ్వండి, పక్కన స్క్రీన్‌షాట్ పెట్టండి. ఏం వచ్చింది, ఏం రావాలి, రెండూ రాయండి. ఆ "ఏం రావాలి" అన్నది మనవాళ్ళు ఎప్పుడూ మర్చిపోతారు. తెలుగు రానివాళ్ళకి రెండు బొమ్మల్లో ఏది కరెక్టో ఎలా తెలుస్తుంది? నేనైతే వరలక్ష్మిలో నాలుగు అక్షరాలే ఉన్నాయని, అవి వ, ర, ల, క్ష్మి అని, ఆ చివరిదాన్ని మధ్యలో కోస్తే ఇంకో మాట అయిపోతుందని, లక్ష అంటే వంద వేలు అని కూడా రాశాను. దానికి ఆ మెయింటెయినర్ జవాబు ఆరు గంటల్లో వచ్చింది.

ప్రోగ్రామ్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టం, ఎప్పటినుంచి ఇలా అవుతోందో తెలిస్తే అది కూడా. మీ ఊహని వేరే పేరాలో "నా అనుమానం" అని పెట్టండి, చూసినదాన్నీ ఊహించినదాన్నీ కలపొద్దు. ఒక రిపోర్ట్‌లో ఒక్క బగ్గే. సెక్యూరిటీకి సంబంధించింది అనిపిస్తే మాత్రం అందరికీ కనపడేలా పెట్టకండి, రిపోలో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) సాధారణంగా సెక్యూరిటీ అనే ఫైలు ఉంటుంది, అందులో ప్రైవేటుగా ఎలా చెప్పాలో రాసి ఉంటుంది.

ఏఐతో రిపోర్ట్ రాయించి పెట్టేస్తున్నారు ఈమధ్య. కర్ల్ (నెట్ నుంచి డేటా తెచ్చే టూల్) ప్రాజెక్ట్ వాళ్ళు బాహాటంగానే మొత్తుకున్నారు, లేని సెక్యూరిటీ లోపాలని ఉన్నట్టు చూపించే రిపోర్టులు చదివి చదివి వాళ్ళ టైం అంతా పోతోందని. ఇంగ్లీషు సరిచేయించుకోండి, ఫర్వాలేదు. మీ మెషీన్ మీద మీ కళ్ళతో చూడనిది మాత్రం ఒక్క వాక్యం కూడా పెట్టొద్దు.

ఎప్పుడు పాడైంది: బైసెక్ట్

ఒకప్పుడు బాగుండి ఇప్పుడు పాడైతే అది రిగ్రెషన్, దాన్ని పట్టుకోవటం తేలిక, కోడ్ అర్థం కాకపోయినా పట్టుకోవచ్చు. కోడ్‌లో మార్పులన్నీ వరసగా దాచిపెట్టే గిట్ అనే టూల్‌లో బైసెక్ట్ అని ఒక కమాండ్ ఉంటుంది, అలా దాచిన ఒక్కో మార్పునీ కమిట్ అంటారు. బాగున్న కమిట్ ఏదో చెప్పండి, పాడైన కమిట్ ఏదో చెప్పండి, అది మధ్యలో కమిట్‌కి తీసుకెళ్తుంది, అక్కడ పరీక్షించి గుడ్ అనో బ్యాడ్ అనో చెప్తే మిగిలినదాంట్లో మళ్ళీ మధ్యకి వెళ్తుంది. వెయ్యి కమిట్లున్నా పది సార్లు పరీక్షిస్తే చాలు. ఇందాక పుస్తకాలని సగం సగం చేశాం కదా, ఇదీ అదే పని, కాలంలో చేస్తున్నాం. పరీక్షకి ఒక చిన్న స్క్రిప్ట్ రాసుకుంటే గిట్ బైసెక్ట్ రన్ అని ఇచ్చేసి టీ తాగి రావొచ్చు, మధ్యలో ఏదో కమిట్ అసలు బిల్డే అవ్వకపోతే స్క్రిప్ట్ 125 అనే ఎగ్జిట్ కోడ్ ఇస్తే దాన్ని దాటేసి వెళ్తుంది.

బిల్డ్ చేసే ఓపిక, పెద్ద మెషీన్ లేనివాళ్ళకి కూడా దారి ఉంది. ఫైర్‌ఫాక్స్‌కి మోజ్‌రిగ్రెషన్ అనే టూల్, పాత నైట్లీలు తనే దింపి ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తుంది, మీరు బాగుందా లేదా అని చెప్పటమే. లిబ్రెఆఫీస్ వాళ్ళు బిబిసెక్ట్ అని పెట్టారు, ముందే బిల్డ్ చేసిన వెర్షన్లన్నీ ఒక గిట్ రిపోలో ఉంటాయి, దింపుకోవటానికి చాలా జీబీలు అవుతుంది గానీ కంపైలర్‌తో పనే లేదు. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు కూడా చేసేయొచ్చు. ఏ కమిట్ వల్ల పాడైందో చెప్తే ఆ కమిట్ రాసినవాళ్ళకే నేరుగా అందుతుంది.

నా బగ్ రిగ్రెషన్ కాదు, పుట్టినప్పటినుంచీ ఉన్నదే, కాబట్టి బైసెక్ట్ పనికిరాలేదు.

బిల్డ్, ఆ తర్వాత కోడ్‌లో వెతకటం

ఎక్కువమంది ఆగిపోయేది బిల్డ్ దగ్గరే. పెద్ద ప్రాజెక్టులు మామూలు ల్యాప్‌టాప్ మీద గంటల తరబడి బిల్డ్ అవుతాయి, ఎనిమిది జీబీ ర్యామ్‌తో కష్టపడాలి, అందుకే మొదటిసారి చిన్న ప్రాజెక్ట్ ఎంచుకోమంటాను. డెబియన్, ఉబుంటులో అయితే ఆప్ట్ బిల్డ్-డెప్ అని ఇస్తే కావలసిన లైబ్రరీలు చాలావరకు వచ్చేస్తాయి. సీ ప్లస్ ప్లస్ అయితే సీక్యాష్ పెట్టుకోండి, రెండోసారి నుంచి బాగా తొందరగా అవుతుంది. ఎక్కడైతే రీడ్‌మీలో (ప్రాజెక్ట్ సూచనలుండే ఫైలు) రాసినట్టు చేసినా అవ్వలేదో అక్కడ ఏం చేస్తే అయ్యిందో కాగితం మీద రాసి పెట్టుకోండి, దాన్ని రీడ్‌మీలో చేర్చి పంపితే అదే మీ మొదటి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండి అని పంపేది) అవుతుంది. పాతవాళ్ళకి ఆ అడ్డంకులు కనపడవు, వాళ్ళ మెషీన్లలో అన్నీ ఎప్పుడో పెట్టేసి ఉంటాయి, కొత్తగా వచ్చినవాళ్ళే చెప్పగలరు.

కోడ్ మొత్తం చదవాలని కూర్చోకండి, ఎవరూ చదవరు. తెర మీద కనపడే ఒక మాట పట్టుకుని వెతకండి. నేను లేబుల్ ప్రివ్యూ అనే బటన్ పేరుని గ్రెప్ చేశాను, అంటే ఫైళ్ళన్నిట్లో వెతికాను, మూడు ఫైళ్ళొచ్చాయి, ఒకటి అనువాదాలది, ఒకటి టెస్ట్, మూడోదాంట్లో బటన్ నొక్కితే పిలిచే ఫంక్షన్ ఉంది. అక్కడినుంచి ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్తూ నాలుగో ఫంక్షన్‌లో దొరికింది. పైథాన్‌లో పేరు పక్కన బ్రాకెట్ పెట్టి, కోలన్ పెట్టి, 6. అంతే, ఒక్క లైను. పైథాన్ స్ట్రింగ్‌ని అలా కోస్తే కోడ్ పాయింట్ల లెక్కన కోస్తుంది. ఇంగ్లీషులో అయితే కోడ్ పాయింట్ అన్నా అక్షరం అన్నా దాదాపు ఒకటే, రాసినవాళ్ళకి తేడా కనపడే అవకాశమే లేదు. సీ లాంగ్వేజ్‌లో అయితే ఇంకా ఘోరంగా ఉండేది, అక్కడ బైట్ల లెక్క, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి మూడు బైట్లు, మధ్యలో కోస్తే నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వస్తుందే, అదన్నమాట.

దొరకగానే సరిచేసెయ్యొద్దు. ముందు ఆ లైను పైన ఒక ప్రింట్ పెట్టి నిజంగా అక్కడికే వస్తోందా, లోపలికి వెళ్ళేటప్పుడు పేరు పూర్తిగా ఉందా, బయటికొచ్చేటప్పుడు తెగిందా చూసుకోండి. ప్రింట్ పెట్టి డీబగ్ చెయ్యటం నామోషీ ఏం కాదు, అందరూ చేస్తారు. క్రాష్ అయ్యే బగ్ అయితే జీడీబీ అనే డీబగ్గర్‌లో నడిపి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) తీసి రిపోర్ట్‌కి జతచెయ్యండి, మెమరీ తప్పు అనిపిస్తే వాటిని పట్టే టూల్స్ వ్యాల్‌గ్రైండ్ గానీ అడ్రస్ శానిటైజర్ గానీ వాడండి. ఒకసారి వచ్చి ఒకసారి రాని బగ్‌లకి లినక్స్‌లో ఆర్‌ఆర్ అని మొజిల్లాలో పుట్టిన టూల్ ఉంది, నడిచినదాన్ని రికార్డ్ చేసుకుని వెనక్కి నడిపించి చూడొచ్చు, అలవాటైతే వదలబుద్ధి కాదు. ఆ లైను ఎవరు ఎందుకు రాశారో గిట్ బ్లేమ్‌లో చూడండి, పాత కమిట్ మెసేజ్‌లో ఒక్కోసారి జవాబు మొత్తం ఉంటుంది.

చిన్న తేడా కనపడినా కొట్టిపారెయ్యొద్దని చెప్పటానికి ఒక ఉదాహరణ. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ తన డెబియన్ మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద ఇంకో మెషీన్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్‌కి దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు, వ్యాల్‌గ్రైండ్‌లో కూడా ఏవో తెలియని హెచ్చరికలు వచ్చాయి. వదిలెయ్యకుండా తవ్వుకుంటూ వెళ్తే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని పెట్టిన బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడింది. మార్చి 29న అందరికీ చెప్పాడు, అప్పటికి అది చాలా సర్వర్లలోకి ఇంకా వెళ్ళలేదు కాబట్టి బతికిపోయాం. అదంతా అర సెకను దగ్గర మొదలైంది.

సరిచెయ్యటం, మళ్ళీ పాడవకుండా చూసుకోవటం

నా మొదటి ఫిక్స్ సుమారు పది నిమిషాల్లో రాశాను. కోడ్ పాయింట్లు కాకుండా గ్రాఫీమ్ క్లస్టర్ల లెక్కన కొయ్యాలి, అంటే చదివేవాడు ఒక అక్షరం అనుకునేదాన్ని ఒకటిగా లెక్కపెట్టటం, దానికి యూనికోడ్ వాళ్ళ నియమాలున్నాయి, లైబ్రరీలున్నాయి. పెట్టి నడిపాను, వరలక్ష్మి పూర్తిగా వచ్చింది. సంతోషంగా పుల్ రిక్వెస్ట్ పెట్టబోయి, ఎందుకో విజయలక్ష్మి అని కూడా టైప్ చేసి చూశాను. "విజయలక్ష్" అని వచ్చింది.

ఎందుకలా అంటే, ఆ లైబ్రరీ పాతది. యూనికోడ్ పాత నియమం ప్రకారం పొల్లు తర్వాత అక్షరం విడిపోతుంది, కాబట్టి దాని లెక్కలో క్ష్మి ఒకటి కాదు, క్, ష్, మి అని మూడు. వరలక్ష్మి దాని దృష్టిలో సరిగ్గా ఆరు, అందుకని అదృష్టం కొద్దీ పాసైపోయింది, విజయలక్ష్మి ఏడు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో ఈ నియమం మార్చారు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళంలో పొల్లుతో కలిసిన హల్లులన్నీ ఒకే క్లస్టర్. దాని ప్రకారం విజయలక్ష్మి అంటే వి, జ, య, ల, క్ష్మి, ఐదే. లైబ్రరీ కొత్త వెర్షన్ పెట్టగానే సరిపోయింది.

కాబట్టి ఒక్క మాటతో పరీక్షించి ఆగిపోకండి. నేను పెట్టిన టెస్ట్‌లో చివరికి పదకొండు పేర్లున్నాయి. వరలక్ష్మి, విజయలక్ష్మి, వెంకమ్మ, రామచంద్ర, కనకదుర్గ, సీతమ్మ, రెండు హిందీ పేర్లు, ఒక మలయాళం పేరు, ఒక ఇంగ్లీషు పేరు, ఒక ఖాళీ పేరు. ఆ టెస్ట్ ఫిక్స్ లేకుండా నడిపితే ఫెయిల్ అవ్వాలి, ఫిక్స్‌తో పాస్ అవ్వాలి, రెండూ నడిపి చూడాలి. ఫిక్స్ లేకుండా కూడా పాసయ్యే టెస్ట్ వల్ల ఉపయోగం లేదు.

పుల్ రిక్వెస్ట్‌లో ఆ బగ్‌కి సంబంధించినదే ఉండాలి. పక్కన కోడ్ అందంగా లేదని ఇండెంటేషన్ సర్దటం, పేర్లు మార్చటం మొదలుపెడితే చదివేవాళ్ళకి అసలు మార్పు కనపడదు. కమిట్ మెసేజ్‌లో ఏం మార్చారన్నది కోడ్‌లోనే కనపడుతుంది కాబట్టి ఎందుకు మార్చారో రాయండి, ఇష్యూ నంబర్ ఇవ్వండి. పంపే పద్ధతి ప్రాజెక్ట్‌ని బట్టి ఉంటుంది, గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్, లిబ్రెఆఫీస్‌లో గెరిట్ అనే రివ్యూ సైట్, లినక్స్ కెర్నల్ అయితే ఈమెయిల్‌లో ప్యాచ్ (మార్పు చూపే టెక్స్ట్), దాని కింద సైన్డ్-ఆఫ్-బై అని మీ పేరు. కాంట్రిబ్యూటింగ్ అనే ఫైలు ముందే చదువుకుంటే ఇవన్నీ తెలుస్తాయి.

రివ్యూలో ఓపిక

నా ఫిక్స్ చూసి మెయింటెయినర్ బాగుందన్నాడు, వెంటనే ఇంకో ప్రశ్న అడిగాడు. లేబుల్ వెడల్పు 25 మిల్లీమీటర్లే, ఆరు ఇంగ్లీషు అక్షరాలు పడతాయని ఆరు పెట్టాం, ఆరు తెలుగు అక్షరాలు పడతాయా? పట్టవు. క్ష్మి లాంటివి ఆరు వరసగా వస్తే అంచు దాటిపోతుంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. చివరికి లెక్కపెట్టటం మానేసి, అసలు ఫాంట్‌లో ఆ పేరు ఎంత వెడల్పొస్తుందో కొలిచి, పట్టకపోతే క్లస్టర్ సరిహద్దు దగ్గర మాత్రమే కోసేలా మార్చాం. నా కోడ్‌లో సగం పోయింది, మిగిలింది ఇంతకుముందు కంటే చాలా బాగుంది. రివ్యూలో వచ్చే మాటలు కోడ్ మీద అంటున్నవి, మన మీద కాదు, అర్థం కాకపోతే అర్థం కాలేదని అడిగేయండి, ఎవరూ తక్కువగా చూడరు.

జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి మర్యాదగా ఒకసారి గుర్తుచెయ్యండి. చాలా ప్రాజెక్టులు నడిపేది ఒకరో ఇద్దరో, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు చూసుకునేవాళ్ళు. 2020 అక్టోబర్‌లో హాక్టోబర్‌ఫెస్ట్ (పుల్ రిక్వెస్టులు పంపినవాళ్ళకి టీషర్ట్ ఇచ్చే కార్యక్రమం) టీషర్ట్ కోసం రీడ్‌మీలో ఒక మాట చేర్చి పంపే పుల్ రిక్వెస్టులు వరదలా వచ్చిపడితే, నిర్వాహకులు మధ్యలోనే నియమం మార్చి, కావాలన్న ప్రాజెక్టులు మాత్రమే అందులో ఉండేలా చేశారు. మన దేశం నుంచి కూడా అలాంటివి చాలా వెళ్ళాయి, నాకు ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత నిజమైన పనితో వచ్చే కుర్రాళ్ళని కూడా అనుమానంగా చూశారు.

సొంత బగ్ ఏదీ లేకపోతే వేరేవాళ్ళ బగ్‌లు నిర్ధారించండి. లిబ్రెఆఫీస్ బగ్‌జిల్లాలో (వాళ్ళ బగ్ రిపోర్టుల సైట్) అన్‌కన్‌ఫర్మ్‌డ్ అని ఉన్నవి తీసి మీ మెషీన్‌లో చేసి చూడండి, అలాగే వస్తే ఏ వెర్షన్‌లో వచ్చిందో రాసి న్యూ అని మార్చండి. పెట్టినవాళ్ళు తమది తామే నిర్ధారించుకోకూడదని వాళ్ళ పద్ధతి, కాబట్టి ఇంకో మనిషి కావాల్సిందే. తెలుగు బగ్ అయితే ఆ ఇంకో మనిషి తెలుగు చదవగలిగిన మనిషే అయ్యుండాలి. మూసేసిన ఆ మలయాళీ ఇష్యూ కూడా మా ఫిక్స్ తర్వాత తెరిచి, అతని స్క్రీన్‌షాట్‌లో పేరుని టైప్ చేసి చూశాం, సరిగ్గా వచ్చింది, అతనికి చెప్పాం.

మెర్జ్ అయ్యాక, అంటే మన కోడ్ ప్రాజెక్ట్‌లో కలిశాక కూడా ఒక పని ఉంటుంది, రిలీజ్ వచ్చాక అందులో నిజంగా ఉందో లేదో మళ్ళీ చేసి చూడటం. మార్చి నెలాఖరులో కొత్త వెర్షన్ వచ్చింది, పెదనాన్న ల్యాప్‌టాప్‌లో ఫోన్ మీద చెప్తూ నేనే పెట్టించాను. లేబుళ్ళు రెండు షీట్లు తీసి అంటించి ఫొటో పంపారు, వరలక్ష్మి, విజయలక్ష్మి, వెంకమ్మ అన్నీ సరిగ్గా ఉన్నాయి. సాయంత్రం మళ్ళీ ఫోన్. "లేబుళ్ళు బాగున్నాయిరా, కానీ జాబితా అకారాది క్రమంలో పెడితే ఇంగ్లీషు పుస్తకాల తర్వాత వచ్చే తెలుగు పేర్లలో సున్నతో ఉన్నవి ముందుకొస్తున్నాయి, చూస్తావా?" ఇప్పుడు దాన్ని సగం సగం చేస్తున్నా, ప్రస్తుతానికి 40 పేర్ల దగ్గరికి వచ్చింది.